నీటికి వాటాలున్నాయి, లోటుకు లేవు

2023 నవంబరు 29 అర్ధరాత్రి దాటాక ఆంధ్రప్రదేశ్ పోలీసులూ, జలవనరుల శాఖ సిబ్బందీ నాగార్జునసాగర్ డ్యాం మీదికి చేరుకున్నారు. మొత్తం 26 క్రెస్ట్ గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేసి, అక్కడి నుంచి తమవైపు సగం తమదేనని చెప్పి, కుడి కాల్వకు నీళ్లు వదిలారు. కంచెకు అవతల తెలంగాణ పోలీసులు నిలబడ్డారు. ఆ ఉదయమే తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగు. తాగునీటి కోసమే వదిలామని ఒక ప్రభుత్వం, ఇది దురాక్రమణ అని మరొక ప్రభుత్వం అంటుండగా కేంద్ర హోం శాఖ కల్పించుకుని, నవంబరు 28 నాటి స్థితికి తిరిగి వెళ్లాలని చెప్పి, డ్యాం కాపలాకు సీఆర్పీఎఫ్ బలగాలను దింపింది. రెండు రాష్ట్రాల పోలీసులను ఎదురెదురుగా నిలబెట్టిన ఆ నీళ్లు తొలుత సుమారు 500 క్యూసెక్కులు, అంటే సెకనుకు 500 ఘనపుటడుగులు. తొమ్మిది నెలలు తిరిగి 2024 సెప్టెంబరు వచ్చేసరికి అదే కృష్ణ విజయవాడ ప్రకాశం బ్యారేజీని 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరదతో దాటి సముద్రంలో కలిసింది. ఆ వేగంతో రోజంతా పారితే దాదాపు 95 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). అదే 500 క్యూసెక్కులు రోజంతా పారినా టీఎంసీలో ఇరవయ్యో వంతు కూడా కాదు.

వాతావరణ మార్పు నదులకు తెచ్చిపెడుతున్న చిక్కు ఈ రెండు అంకెల మధ్య ఉంది. ఏ ఒక్క కరవునో, ఏ ఒక్క వరదనో చూపించి ఇది వాతావరణ మార్పేనని తేల్చేయడం తొందరపాటే అవుతుంది. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదన్నది భౌతికశాస్త్రం చెప్పే లెక్క. అందుకే వాన పడని రోజులు పెరుగుతాయి, పడినప్పుడు కుండపోతగా పడుతుంది, జలాశయాల్లో నిలిచిన నీరు మునుపటికన్నా త్వరగా ఆవిరవుతుంది. ఏడాది మొత్తం మీద సగటు మారకపోవచ్చు, కానీ సేద్యం సగటు వానతో సాగదు. 2009లో దేశం మొత్తం మీద నైరుతి వానలు 22 శాతం తక్కువ పడ్డాయి. ఆ కరవు ఏడాదిలోనే, అక్టోబరు 2న, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరకు వరద వచ్చి కర్నూలు నగరం మునిగిపోయింది. ఒక వారంలో వచ్చిపడే నీటిని పట్టి ఉంచే చోటు కూడా తగ్గిపోతోంది. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలంలో పూడిక చేరి ఇప్పుడు 215 టీఎంసీలే పడుతున్నాయి. సాగర్ సామర్థ్యం 408 నుంచి 312కు దిగింది.

ఇంతవరకు ఇది ప్రకృతి సంగతి. ప్రకృతి నుంచి పోట్లాటకు దారి ఎలా పడుతుందన్నది వేరే ప్రశ్న. నీళ్లు తగ్గితే జనం కొట్టుకుంటారన్న సూత్రం ఈ రెండింటినీ ఒకే గంతులో కలిపేస్తుంది. ఆ సూత్రానికి తరచుగా చూపించే సాక్ష్యం సిరియా. 2006 నుంచి 2010 వరకు ఆ దేశపు ఈశాన్య ప్రాంతం తీవ్రమైన కరవుతో అల్లాడింది. గోధుమ పండలేదు, మందలు చచ్చిపోయాయి, కుటుంబాలు ఊళ్లు వదిలి నగరాల అంచులకు చేరాయి. 2011 మార్చిలో తిరుగుబాటు మొదలై అంతర్యుద్ధంగా మారింది. వాతావరణం వేడెక్కడం వల్ల అంతటి కరవు వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు పెరిగిందని 2015లో కొందరు పరిశోధకులు లెక్కగట్టి, దాదాపు పదిహేను లక్షల మంది వలసకూ ఆ తిరుగుబాటుకూ ముడిపెట్టారు. రెండేళ్ల తర్వాత మరికొందరు పరిశోధకులు ఆ గొలుసులో కొక్కెం కొక్కెం లాగి చూశారు. కరవు వల్ల వలస పోయినవి 40 వేల నుంచి 60 వేల కుటుంబాలే కావచ్చునని, తొలి నిరసనల్లో ఆ వలసదారుల పాత్ర పెద్దగా కనిపించదని వాదించారు. తిరుగుబాటు పుట్టిన దరా పట్టణం కరవు కాటేసిన ఈశాన్యంలో లేదు, దేశానికి అవతలి మూలన నైరుతిలో ఉంది.

నాకు రెండో వాదమే బలంగా తోస్తుంది. అలాగని కరవుకు ఏ పాత్రా లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. అదే కరవు పొరుగున ఉన్న ఇరాక్‌లోనూ, జోర్డాన్‌లోనూ పడింది, కానీ వాటి చరిత్ర వేరుగా నడిచింది. సిరియాలో గోధుమ, పత్తి దిగుబడులు పెంచాలన్న ప్రభుత్వ తపన వల్ల 1999లో లక్షా 35 వేలుగా ఉన్న బావుల సంఖ్య 2007 నాటికి రెండు లక్షలు దాటింది. ఆ భూగర్భజలం అడుగంటుతున్న సమయంలో, సరిగ్గా కరవు నడుమ, 2008లో ప్రభుత్వం డీజిల్ సబ్సిడీని కోసేసింది. లీటరు 7 లీరాల నుంచి 25 లీరాలకు ఎగబాకింది. డీజిల్ పంపుతో నీళ్లు తోడుకునే రైతుకు వాన లేకపోవడం ఒక దెబ్బ, తోడుకునే దారి మూసుకుపోవడం రెండో దెబ్బ. మొదటి దెబ్బ ఆకాశం కొట్టింది, రెండోది పాలకులు కొట్టారు. మొత్తం నెపాన్ని వాతావరణం మీదికి నెట్టేస్తే ఆ రెండో చేయి కనబడకుండా పోతుంది. ఏ పాలకుడికైనా అది ఎంతో సౌకర్యంగా ఉండే వివరణ అని మరచిపోకూడదు.

కరవుకూ కలహానికీ మధ్య ఏముందో చూడటానికి సిరియా కన్నా మనకు దగ్గరగా ఉన్న కావేరి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒకే నది మీద, అవే రెండు రాష్ట్రాల మధ్య, వేర్వేరు సంవత్సరాల్లో ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అక్కడి పేచీకి మూలం రెండు రుతుపవనాల మధ్య ఉన్న కాల వ్యవధి. కర్ణాటక జలాశయాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలతో నిండాలి. తమిళనాడు డెల్టాకు జూన్ 12న మెట్టూరు డ్యాం తెరిచి కురువై పంటకు నీళ్లు ఇవ్వడం ఆనవాయితీ, ఆ వెనకే సాంబా వరి వస్తుంది. తమిళనాడును ఆదుకునే ఈశాన్య వానలు అక్టోబరులో గాని మొదలు కావు. అంటే వానలు తప్పిన ఏడాది, ఆగస్టు సెప్టెంబరు నెలల్లో, మున్ముందు ఎంత వాన పడుతుందో ఎవరికీ తెలియని స్థితిలో, ఎవరి పొలం ఎండాలో తేల్చాలి. లోటు ఏడాదిలో వాటాలను దామాషా ప్రకారం తగ్గించుకోవాలని రాష్ట్రాల నీటి తగవు తేల్చడానికి వేసిన కావేరి ట్రిబ్యునల్ 2007 నాటి తుది తీర్పులో ఒక్క వాక్యంలో చెప్పింది. ఏ తేదీన, ఎవరి కొలతతో, ఎన్ని రోజులకు ఒకసారి తగ్గించాలన్నది ఆ వాక్యంలో లేదు.

2016లో ఆ ఖాళీని సుప్రీంకోర్టు నింపాల్సి వచ్చింది. సెప్టెంబరు 5న రోజుకు 15,000 క్యూసెక్కుల చొప్పున పది రోజులు వదలమంది, 12న దాన్ని 12,000కు మార్చింది. ఆ రోజే బెంగళూరు భగ్గుమంది. తమిళనాడు నంబరు ప్లేట్లున్న బస్సులు, లారీలు పదుల సంఖ్యలో తగలబడ్డాయి, పోలీసు కాల్పులు జరిగాయి, నగరంలో పలు ప్రాంతాల్లో కర్ఫ్యూ పెట్టారు. బస్సులు కాలిన వీధుల్లో వరి మడి లేదు, చెరకు తోట లేదు. పొలం ఎండిన కర్ణాటకలోని మండ్య రైతు కోపం ఒకటి, నగరపు వీధిలో భాష పేరుతో రేగిన కోపం మరొకటి. మొదటిది రెండో దానికి నిప్పురవ్వ అందించింది. నీటి కొరత కొత్త శత్రుత్వాన్ని పుట్టించడం అరుదు, ఉన్న చీలిక వెంటే అది పారుతుంది. పల్లం చూసుకునే నీటిలాగే.

ఇంకా వెనక్కి వెళితే ఈ మాట మరింత స్పష్టపడుతుంది. కావేరి పేరుతో జరిగిన అత్యంత ఘోరమైన హింస 1991 డిసెంబరు నాటిది. తమిళనాడుకు ఏటా 205 టీఎంసీలు వదలాలన్న ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు గెజిట్‌లోకి ఎక్కగానే బెంగళూరులోని తమిళుల మీద దాడులు జరిగాయి, పదిమందికి పైగా చనిపోయారు, వేలమంది నగరం విడిచి వెళ్లారు. ఆ తర్వాతి మూడేళ్లూ వానలు మోస్తరుగా పడ్డాయి కనుక ఆ ఉత్తర్వు అమలుకు పెద్ద కష్టమేమీ రాలేదు. వానలు నిజంగా తప్పింది 1995లో. అప్పుడు 11 టీఎంసీలు వదలాలని ట్రిబ్యునల్ అంది, వదలలేమని కర్ణాటక అంది, సుప్రీంకోర్టు ఆ చిక్కుముడిని ప్రధాని పీవీ నరసింహారావు చేతిలో పెట్టింది. ఆయన ముఖ్యమంత్రులతో మాట్లాడి 6 టీఎంసీలతో సరిపెట్టారు. ఎవరికీ తృప్తి కలగలేదు, కానీ 1991 నాటి మారణకాండ పునరావృతం కాలేదు. కాగితం మీది అంకె ప్రాణాలు తీసిన ఏడాది వేరు, నది ఎండిన ఏడాది వేరు.

2023 ఆగస్టు, 1901 నుంచి నమోదైన ఆగస్టులన్నింటిలోకీ దేశంలో అతి తక్కువ వాన పడిన నెల. లోటు 36 శాతం. కృష్ణకూ కావేరికీ కూడా అదే ఎల్ నినో, అదే ఎండిన ఆకాశం. అయితే 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఏర్పడిన కావేరి జల యాజమాన్య అథారిటీ అప్పటికి పనిలో ఉంది. దాని కిందనున్న నియంత్రణ కమిటీ కృష్ణరాజసాగర, కబిని, హేమావతి, హారంగి జలాశయాల్లోకి వచ్చిన నీటి లోటును శాతంలో లెక్కగట్టి, పదిహేను రోజులకొకసారి సమావేశమై, ఆగస్టు చివర రోజుకు 5,000 క్యూసెక్కులు, సెప్టెంబరు చివర 3,000 క్యూసెక్కులు వదలాలని చెబుతూ వచ్చింది. ఇందులో తలదూర్చబోమని సుప్రీంకోర్టు చెప్పింది. సెప్టెంబరు 26న బెంగళూరు బంద్, 29న కర్ణాటక బంద్ జరిగాయి, ఖాళీ బిందెలతో ఊరేగింపులు తీశారు. 2016లో లాగా బస్సులు తగలబడలేదు. ముందు జాగ్రత్తగా పెట్టిన పోలీసు బందోబస్తూ, మారిన రాజకీయ వాతావరణమూ ఇందుకు తోడ్పడ్డాయనడంలో సందేహం లేదు. కానీ పదిహేను రోజుల్లో మళ్లీ లెక్క వేస్తారన్న నమ్మకం ఉన్నప్పుడు ఏ ఉత్తర్వూ ఆఖరి మాటగా కనిపించదని, ఆఖరి మాట కానిదాని మీద తెగించి పోరాడేవారు తగ్గుతారని నేననుకుంటాను. అదే ఏడాది కృష్ణ మీద ముళ్లకంచె పడింది.

కృష్ణకు వాటాలు లేక కాదు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1894 నుంచి 1972 వరకు 78 ఏళ్ల ప్రవాహాల లెక్కలు తీసి, నూటికి 75 ఏళ్లలో 2,060 టీఎంసీలు తప్పక దొరుకుతాయని తేల్చింది. దాన్ని మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. అంతకు మించి వచ్చిన మిగులు జలాలను చివరన ఉన్న ఆంధ్రప్రదేశ్ వాడుకోవచ్చు గాని, వాటి మీద హక్కు ఉండదంది. ఆ హక్కులేని నీటిని నమ్ముకునే అటు హంద్రీనీవా, గాలేరు-నగరి, వెలిగొండ, ఇటు కల్వకుర్తి, నెట్టెంపాడు వంటి పథకాలు రూపు దిద్దుకున్నాయి. 75 శాతం విశ్వసనీయత అంటే నూటికి 25 ఏళ్లు లోటు తప్పదని ముందే ఒప్పుకోవడం. మన ఉపన్యాసాల్లో, ఎన్నికల సభల్లో ఆ 25 ఏళ్ల ప్రస్తావన వినబడదు. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల కొత్త లెక్కలు తీసి, 65 శాతం విశ్వసనీయతతో 2,293 టీఎంసీలు, సగటున 2,578 టీఎంసీలు ఉన్నాయని పంచింది. సుప్రీంకోర్టులో కేసుల వల్ల ఆ తీర్పు ఇంతవరకు గెజిట్‌కు ఎక్కలేదు. విశ్వసనీయత శాతాన్ని తగ్గించిన కొద్దీ పంచడానికి నీళ్లు ఎక్కువగా కనబడతాయి, లోటు పడే ఏళ్లు కూడా పెరుగుతాయి. ఈ లెక్కలన్నీ, గడచిన కాలం లాగే రాబోయే కాలమూ ఉంటుందన్న ఊహ మీద నిలబడ్డాయి. వాతావరణ మార్పు ముందుగా కూల్చేది ఆ ఊహనే.

2014లో రాష్ట్రం విడిపోయాక ఉమ్మడి రాష్ట్రపు 811 టీఎంసీలను (800కు పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీటి వాటా కలిపి) ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా వాడుకుందామని 2015లో ఒక తాత్కాలిక ఒప్పందం కుదిరింది. అది ఆ ఒక్క ఏడాది కోసం రాసుకున్నది. ఆ తర్వాత కొద్ది మార్పుతో, 66:34 నిష్పత్తి పేరుతో, దాన్నే సాగదీస్తూ వచ్చారు. సగం సగం కావాలని తెలంగాణ అడగడం మొదలుపెట్టింది. నిష్పత్తి ఏదైనా, కొరత ఏడాదిలో అసలు తగవు నిష్పత్తితో తీరేది కాదు. శ్రీశైలం ఎడమ గట్టున తెలంగాణకు జలవిద్యుత్ కేంద్రం ఉంది, కుడి వైపున పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకు, చెన్నైకి నీళ్లు పోవాలి. 2021 జూన్ చివర తెలంగాణ పూర్తి సామర్థ్యంతో విద్యుదుత్పత్తికి ఉత్తర్వు ఇవ్వగానే నీటి మట్టం పడిపోయి తమ తూములకు అందదని ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకెక్కింది, డ్యాంల దగ్గర పోలీసులు మోహరించారు. కరెంటుకు ముందా, తాగునీటికి ముందా, ఈ ఏడాది మిగిల్చుకున్న నీరు వచ్చే ఏడాది ఎవరి ఖాతాలో పడాలి, ఎక్కడెక్కడ ఎవరు కొలవాలి అన్నవాటికి ఇద్దరూ ఒప్పుకున్న సమాధానాలు లేవు. శ్రీశైలం గేట్లు ఒకరి చేతిలో, సాగర్ గేట్లు మరొకరి చేతిలో ఉండగా మధ్యలో ఉన్న కృష్ణా నది యాజమాన్య బోర్డుకు లేఖలు రాసే అధికారమే మిగిలింది.

రాష్ట్రాల పేర్లతో చెప్పుకునే ఈ తగవు కింద మరొకటి ఉంది. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట నుంచి పాత మహబూబ్‌నగర్ జిల్లా భూములకు 15.9 టీఎంసీలు రావాలి. అందులో చాలా భాగం దశాబ్దాల తరబడి పొలాలకు చేరనేలేదు. కాల్వ మొదట కర్ణాటకలో పారుతుంది, ఆనకట్టకు ఇవతల కర్నూలు వైపు వేరే ఆయకట్టు ఉంది, చివరన ఆలంపూర్ రైతులున్నారు. అది కర్నూలూ, ఆలంపూరూ ఒకే రాష్ట్రంలో ఉన్న రోజుల్లో జరిగిన అన్యాయం, కరవు లేని ఏళ్లలోనూ జరిగిన అన్యాయం. ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అన్న తెలంగాణ ఉద్యమ నినాదంలో నీళ్లకు మొదటి చోటు ఊరికే దక్కలేదు. ఏ కాల్వ కిందైనా ఇదే కథ చిన్నగా కనిపిస్తుంది. మొదటి ఆయకట్టు వరి మడుల్లో మోకాలి లోతు నీళ్లుంటే చివరి భూముల రైతులు రాత్రుళ్లు లాంతరు పట్టుకుని తూముల దగ్గర కాపలా పడుకుంటారు. వాన తగ్గిన ఏడాదిలో ఆ లోటంతా చివరన ఉన్నవాడి మీదే పడుతుంది. అంతకన్నా చివరన, సొంత భూమే లేని కౌలు రైతూ కూలీ ఉంటారు. వారి లోటును ఏ ట్రిబ్యునలూ కొలవదు.

కాల్వ లేని మెట్ట ప్రాంతాల్లో ఈ ఘర్షణకు ఎదుట మనిషే కనబడడు. బోరు ఎండిందంటే పక్క రైతు ఇంకా లోతుకు వేశాడని అర్థం, లేదా వాన లేక ఊట దిగిందని అర్థం. ఏది నిజమో తేల్చే మార్గం ఊళ్లో ఎవరి దగ్గరా ఉండదు. బోర్ల మధ్య దూరాన్నీ లోతునూ అదుపు చేయడానికి 2002లో వాల్టా చట్టం తెచ్చినా, ఎండిన మొదటి బోరు పక్కన రెండోదీ, మూడోదీ పడుతూనే వచ్చాయి. ఇక్కడ కలహం రోడ్డెక్కదు, అప్పుల పుస్తకంలోకి ఎక్కుతుంది. దాన్ని హింసగా లెక్కించకపోవడం మన లెక్కల్లోని లోపమేనని నా అభిప్రాయం.

లోటును పంచడం మనవాళ్లకు తెలియని విద్యేమీ కాదు. రాయలసీమ చెరువుల కింద నీరుగంటి, తెలంగాణ చెరువుల కింద నీరటి ఉండేవారు. చెరువు సగమే నిండిన ఏడాది ఎంత ఆయకట్టుకు నీరు సరిపోతుందో ఊరి పెద్దలు ముందే తేల్చుకుంటే, ఆ మేరకు మడిమడికీ వంతు కట్టి తూము తెరిచే పని అతనిది. తన సొంత మడికి నీళ్లు కట్టుకునే రైతు చేతికి తూము కట్టె ఇవ్వకపోవడంలోనే ఆ ఏర్పాటు తెలివంతా ఉంది. దాన్ని బంగారు కాలంగా చెప్పుకోవడానికి వీల్లేదు. నీరుగంటులు ఎక్కువగా దళిత కులాలవారు, నీళ్లు పంచే చేతికి నీళ్ల మీద హక్కు ఉండేది కాదు, పెద్దల మాటకు ఎదురు చెప్పే వీలూ ఉండేది కాదు. అయినా ఎంత నీరుందో కొలవడం, ఎంత సాగు చేయాలో విత్తనానికి ముందే చెప్పడం, గేటును వాటాదారు చేతిలో పెట్టకపోవడం అనే మూడు పనులు అక్కడ ఒకే పద్ధతిలో కలిసి ఉన్నాయి. కావేరి కమిటీ 2023లో మొదటి పనిని మాత్రమే సక్రమంగా చేయగలిగింది, అంతమాత్రానికే ఫలితం కనిపించింది.

కృష్ణలో ఆ మొదటి పని కూడా పూర్తి కాలేదు. ఏ కాల్వలోకి ఎంత నీరు పోతోందో ఎప్పటికప్పుడు చూపే టెలిమెట్రీ యంత్రాలు అన్ని చోట్లా పెట్టడం మీద రెండు రాష్ట్రాలూ, బోర్డూ ఏళ్ల తరబడి ఉత్తరాలు నడుపుకుంటున్నాయి. సాగర్ మీద కంచె పడటానికి ఎనిమిది వారాల ముందు, 2023 అక్టోబరు 4న, రెండు తెలుగు రాష్ట్రాల మధ్య నీటిని పంచే బాధ్యతను కేంద్ర మంత్రివర్గం బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కే అప్పగించింది. 2004లో ఏర్పడిన ఆ ట్రిబ్యునల్ ముందు కొత్త వాదనలు మొదలయ్యాయి. ఈలోగా ప్రతి ఎండాకాలం ఇద్దరు ఇంజనీర్ ఇన్ చీఫ్‌లు, బోర్డు సభ్య కార్యదర్శి ముగ్గురూ కూర్చుని, సాగర్‌లో 510 అడుగుల కనీస మట్టం పైన ఎన్ని అడుగుల నీళ్లున్నాయో, అందులో ఎవరికి ఎన్ని టీఎంసీలో తేల్చుకుంటున్నారు. వాళ్లు ముందు పెట్టుకునే కాగితం 2015లో ఒక్క ఏడాది కోసం రాసుకున్నదే.